ఆఖరి ఇంటికి ఒక రోజు

నేనెన్నడూ వెళ్ళని ఊరొకటి నాకు కళ్ళు మూసుకుని తిరగగలిగినంత బాగా తెలుసు. రెడ్‌మండ్‌లో ఇన్నేళ్ళుండి కూడా జీపీఎస్ లేకుండా ఇండియన్ స్టోర్‌కి వెళ్ళలేని మనిషిని నేను. ఆ ఊళ్ళో మాత్రం ఏ ఇంటి ముందు ఏ రంగు పూలుంటాయో, ఏ ఇంటి మెట్టు ఎక్కితే కిర్రుమంటుందో చెప్పగలను. ఇండోనేషియాలో సులవేసి అనే దీవికి ఉత్తరపు కొసన, ఒక అగ్నిపర్వతం నడుము మీద ఉన్న ఇరవై మూడు ఇళ్ళ ఊరు అది. నేను దాన్ని చూసింది సియాటిల్ పక్కన ఒక చర్చి హాల్లో, మడత బల్ల మీద, పంచదార పొట్లాలతో కట్టి ఉండగా.

మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం పొద్దున్న తమ ఆరాధన ముగించుకున్నాక పన్నెండింటికి ఇండోనేషియా వాళ్ళకీ, మూడింటికి మాకూ హాలు ఇచ్చేవారు. వాళ్ళు ఐదు నిమిషాలు ముందే మొదలుపెట్టేవారు. మేం నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్ళం. మావాళ్ళు టైమ్‌కి రావడం నేను చూసింది తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ ఉన్న ఆదివారాల్లోనే. కుర్చీలు వేసే డ్యూటీ నాది కాబట్టి రెండుంబావుకే చేరేవాణ్ణి. అప్పటికి వాళ్ళు ప్లేట్లు కడిగేసి, నేల తుడిచేసి, మా కోసం కుర్చీలు కూడా వేసేసి ఉండేవారు. ఇక నాకు మిగిలిన డ్యూటీ కాఫీ తాగడం. దాన్ని మాత్రం లోపం లేకుండా చేశాను.

కాఫీ బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. పొట్టి మనిషి, డెబ్భైకి అటూ ఇటూ, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. అందరూ ఆయన్ని ఓపా అనేవారు. ఓపా అంటే తాత. ఆ మాటని వాళ్ళ దగ్గర డచ్చివాళ్ళు వదిలేసి వెళ్ళారట, మన దగ్గర ఇంగ్లీషువాళ్ళు అంకుల్‌ని వదిలేసి వెళ్ళినట్టు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు తక్కువ, నాకొచ్చిన ఇండోనేషియన్ సున్నా. ఆయన మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఇద్దరం గడగడా మాట్లాడుకున్నట్టు కనిపిస్తాం. నిజానికి సగం చేతులతో నడిచేది. మిగతా సగం, పక్కనే ఉన్న ఆయన కూతురు నడిపించేది. ఆవిడ ఒక నర్సింగ్ హోమ్‌లో పని చేసేది.

ఇద్దరికీ తొలి చుట్టరికం కలిపింది కాగితాలు. కూతురి దగ్గరే ఉండనివ్వమని ఆయన పెట్టుకున్న కేసు పెండింగ్, నా గ్రీన్‌కార్డ్ పెండింగ్. కేసు తేలేదాకా దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరని ఆయన లాయర్ చెప్పాడు. కూతురి పురుడు కోసం మూడు నెలలకని వచ్చినవాడు అలా ఏళ్ళ తరబడి ఉండిపోయాడు.

“మీ ఊరెలా ఉంటుంది?” అని ఒకసారి మర్యాదకి అడిగాను. మర్యాదకి అడిగిన ప్రశ్నకి అంత జవాబు వస్తుందనుకోలేదు.

కాఫీ ఫ్లాస్క్‌ని జరిపి బల్ల మధ్యన పెట్టాడు. అది కొండ. మూత తిప్పి కొంచెం ఆవిరి వదిలాడు, అగ్నిపర్వతం కదా. ఉప్పు డబ్బా చర్చి. కాఫీ కలిపే పుల్లలు రోడ్డు. ఆ రోడ్డు మీద అటూ ఇటూ చాపలు పరిచి లవంగాలు ఎండబెడతారట, కార్లే పక్కకి తప్పుకుని పోవాలట. మా గుంటూరు వైపు మిరపకాయలూ అంతేనని చెబితే నా భుజం తట్టాడు. తరవాత తెల్ల పంచదార పొట్లాలు ఒక్కొక్కటే ఇళ్ళయి కూర్చున్నాయి. పాస్టరుగారింటికి మాత్రం గులాబీ రంగు పొట్లం వాడాడు, షుగర్ ఉన్నవాళ్ళు వాడేది.

“ఎందుకు?”

“తియ్యగానే ఉంటాడు. లోపల పంచదార లేదు.”

కూతురు “పాపా!” అని కసిరింది. ఆయన లవంగం బుగ్గ మార్చుకున్నాడు.

ఇళ్ళన్నిటికీ కర్రల కాళ్ళుంటాయట. పొద్దున్నే మబ్బు కొండ దిగి, కింద కోళ్ళనీ పైన మనుషుల్నీ దాటుకుని వంటింట్లోకి వచ్చేస్తుందట. “ఇక్కడా మబ్బే. కానీ ఈ మబ్బు బయటే నిలబడుతుంది, పరాయిదానిలా,” అన్నాడు. అప్పుడు ఆఖరి పొట్లం తీశాడు. మిగతావన్నీ పడుకోబెట్టినవాడు దీన్ని మాత్రం ఫ్లాస్క్‌కి ఆనించి నిలబెట్టాడు. అది జారి పడింది. మళ్ళీ నిలబెట్టాడు.

“ఇదెవరిల్లు?”

“వాగు పైన ఆఖరి ఇల్లు. ఒక విధవరాలిది. ఆ ఇంటికి నేనొక రోజు ఇవ్వాలి.”

రోజు ఇవ్వడమేమిటో నాకర్థం కాలేదు. ఆయన ఇంగ్లీషులో ఏదో లోపముందనుకున్నాను. లోపం నాలోనే ఉందని తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

2009లో మేం ఇల్లు కొన్నాం. ధరలు పడిపోయాయి కాబట్టి కొనగలిగాం. ఆ ఇంటి ధర మరీ అంతలా ఎందుకు పడిపోయిందో పెరటి తలుపు తీశాక తెలిసింది. పెరడంతా బ్లాక్‌బెర్రీ కంప. మన సర్కారు తుమ్మకి అమెరికా పౌరసత్వం ఇచ్చి, రోజూ వాన నీళ్ళతో మేపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మనిషెత్తున లేచి, వంగి, నేల తాకిన చోటల్లా మళ్ళీ వేరు దిగుతుంది. నాకు ఏళ్ళ తరబడి రాని స్థిరనివాసం దానికి ఒక్క వానాకాలంలో వచ్చేసింది.

నా ఉద్యోగం ప్రోగ్రాముల్లో పురుగులు పట్టడం. పెరట్లోకి దిగితే పురుగులే నన్ను పట్టాయి. నాలుగు శనివారాలు కత్తెరతో పోరాడాక ఒక కుర్చీ పట్టేంత చోటు ఖాళీ అయింది. ఐదో శనివారానికి ఆ కుర్చీలోంచి కొత్త చిగుళ్ళు వచ్చాయి.

“ఏవండీ, మీరు కంప కొడుతున్నారా, దానికి తల దువ్వుతున్నారా?” అంది మా ఆవిడ కిటికీలోంచి.

ఆరేళ్ళ మా అమ్మాయి అమెరికా తెలుగులో తీర్పు చెప్పింది. “నాన్నా, నువ్వు కట్ చేస్తే అది ఇంకా హ్యాపీ అవుతుంది.”

ఆ ఆదివారం కాఫీ దగ్గర నా గీరుకుపోయిన చేతులు చూసి ఓపా సంగతి అడిగాడు. చెప్పాను. కప్పు కింద పెట్టి, “ఎంత ఉంటుంది?” అన్నాడు. చేతులు బార చాపి, చాలక, గోడ దాకా చూపించాను. “శనివారం,” అన్నాడు. వచ్చి చూస్తాడు కాబోలు అనుకున్నాను.

శనివారం పొద్దున ఆరింటికి మా వీధిలో డమడమ డోలు మోగింది. పరుపు మీంచి లేచి కిటికీ తెర తీసి చూద్దును కదా, మా ఇంటి ముందు మూడు కార్లు, పదకొండు మంది మనుషులు, పొడుగు కత్తులు, గునపాలు, పారలు. ముందు ఓపా. మెడలో తాడుతో బోర్లా వేలాడుతున్న ప్లాస్టిక్ బకెట్. దాన్ని రెండు పుల్లలతో వాయిస్తున్నాడు. ఎదురింటి అమెరికన్ ఆయన కాఫీ కప్పుతో వాకిట్లోకి వచ్చి అలాగే నిలబడిపోయాడు.

“ఏవండీ, ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారేమో!” అంది మా ఆవిడ.

“పిలిచినా మంచిదే. ఇంకో ఇద్దరు తోడవుతారు.”

నేను షార్ట్స్‌తో, కాళ్ళకి చెప్పుల్తో కిందికి దిగేసరికి వాళ్ళు అప్పటికే పెరట్లో ఒకే వరసలో నిలబడి ఉన్నారు. ఆడా మగా తేడా లేదు. ఓపా బకెట్ మీద ఒక దెబ్బ వేశాడు, వరసంతా ఒక అడుగు ముందుకి కదిలింది. ఒకరు పాట సగం అందుకుంటే మిగతావాళ్ళు సగం పూర్తి చేస్తున్నారు. ఆ సగానికీ ఈ సగానికీ మధ్య కంప పడిపోతోంది. వెనక ఇద్దరు వేళ్ళు పెకలిస్తున్నారు. నన్ను వరసలో ఏడోవాడిగా నిలబెట్టారు. కాసేపటికి పదకొండోవాడిగా మార్చారు. తరవాత నీళ్ళు అందించమన్నారు. నా అర్హతని అంత త్వరగా అంచనా వేసిన మేనేజర్ నాకు ఆఫీసులో ఎప్పుడూ దొరకలేదు.

మధ్యలో కూతురు మా ఆవిడకి చెప్పింది, వాళ్ళ ఊళ్ళో పూర్వం డోలు మోగాక ఆలస్యంగా వచ్చినవాడికి బెత్తంతో ఒకటి తగిలించేవారట. అయితే ఆ దెబ్బ ముందు పెద్దకే వేసేవారట, నొప్పి ఎంతుంటుందో వేసేవాడికి తెలియాలని.

“మా తెలుగు చర్చిలో పెట్టాలమ్మా ఈ పద్ధతి,” అంది మా ఆవిడ. “ముందు కుర్చీలు వేసేవాడికి.”

పదకొండింటికి పెరట్లో నేల కనిపించింది. ఆ ఇల్లు కొన్నాక మా నేలని మేం చూడటం అదే మొదటిసారి. మా ఆవిడ ఉప్మా చేసింది, అది చాలదని పులిహోర కలిపింది. వాళ్ళు డబ్బాల్లో అన్నమూ, చేపలూ, పచ్చి మిరపకాయలూ టమాటాలూ తరిగి నిమ్మరసం పిండిన పచ్చడీ తెచ్చారు. నేను గుంటూరువాణ్ణని, కారం నాకు లెక్క కాదని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను. ఆ తరవాత ఐదు నిమిషాల సంభాషణ నాకు గుర్తు లేదు. అందరూ నవ్వుతుండగా ఓపా వచ్చి నా చేతిలో ఒక అరటిపండు పెట్టి వెళ్ళాడని మాత్రం గుర్తుంది.

నేను తప్పు చేసింది ఆ తరవాతే.

అమెరికాలో పదేళ్ళు బతికిన తెలుగు ఇంజనీరుకి ఎవరు ఏ మంచి పని చేసినా వెంటనే తట్టేది గిఫ్ట్‌కార్డ్. పిల్లల బర్త్‌డేకి గిఫ్ట్‌కార్డ్, టీచరుకి గిఫ్ట్‌కార్డ్, గృహప్రవేశానికి గిఫ్ట్‌కార్డ్. వాళ్ళు తింటుండగా నేను చల్లగా కారేసుకుని వెళ్ళి పదకొండు కార్డులు కొన్నాను. కవర్లలో పెట్టి, ప్రతి కవరు మీదా థాంక్యూ అని రాసి, నా ఉదారతకి నేనే మురిసిపోతూ ఒక్కొక్కరికీ పంచాను.

అందరూ రెండు చేతులతో అందుకున్నారు. ఎవరూ తెరవలేదు. ఓపా లేచి, ఒక్కొక్కరి దగ్గరా కవరు తీసుకుని, పదకొండూ సరిగ్గా దొంతి పేర్చి, మా పెరటి మెట్టు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టాడు. కోపం లేదు. ఊళ్ళో ఎవరి పిల్లాడో తప్పిపోయి వస్తే వాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు వాటిని.

కూతురు నా పక్కకి వచ్చింది. చర్చి పిలుపులే మా మధ్య. “బ్రదర్, వీటితో మీరు మమ్మల్ని ఇంటికి పంపించేస్తున్నారు.”

“అయ్యో, లేదు సిస్టర్! ఊరికే, థాంక్స్ చెప్పడానికి...”

“కూలికి వచ్చినవాళ్ళకి ఇస్తారు. ఇచ్చాక వాళ్ళకీ మీకూ ఏమీ ఉండదు. మాకు అలా ఏమీ ఉండకపోవడం ఇష్టం ఉండదు. ఇవాళ మేం మీకు వచ్చాం. రేపు మీరు మాకు వస్తారు. ఒక్కొక్క ఇంటికీ ఒక రోజు. దీన్ని మేం మపలుస్ అంటాం. ఊరంతా ఇలాగే బతుకుతుంది. ఒక ఇంటి చేనుకి అందరూ, తరవాత ఇంకో ఇంటి చేనుకి అందరూ.”

మా ఆవిడ గరిట పట్టుకునే అంది, “మా అమ్మమ్మగారి ఊళ్ళో కూడా నాట్లప్పుడు ఇంతేనండీ, ఒకళ్ళ చేలో ఒకళ్ళు దిగేవాళ్ళు.” తరవాత నా వైపు తిరిగింది. “మీకు తట్టలేదా?”

“నీకు తట్టిందా?”

“నన్నడిగి వెళ్ళారా, షాపుకి?”

ఓపా మెట్టు మీద, కవర్ల పక్కన కూర్చున్నాడు. నన్ను రమ్మని రెండోపక్క చెయ్యి వేసి చూపించాడు. “నేనూ ఇదే చేశాను,” అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఆఖరి ఇంటి సంగతి. ఊళ్ళో ఆయన చేనుకి ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ వచ్చారు, మొక్కజొన్న వేశారు. ఆయన ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి తన రోజు తాను ఇచ్చుకుంటూ వచ్చాడు. మిగిలింది వాగు పైన విధవరాలి చేను. ఆమె వంతు తొలివానలకి. ఇంతలో కూతురికి నెలలు నిండుతున్నాయని కబురు, వీసా, టికెట్. ఆమె చేనుకి డోలు మోగడానికి రెండు రోజుల ముందు ఆయన విమానం ఎక్కాడు. మిగతావాళ్ళు వెళ్ళి ఆ చేను వేశారు. వరసలో ఒక మనిషి చోటు ఖాళీగా వదిలి వేశారు, ఆ చోటు ఎవరిదో అందరికీ తెలిసేలా. ఇక్కడికొచ్చిన మొదటి సంవత్సరం ఆయన ఆమెకి డాలర్లు పంపించాడు. ఆరు నెలలకి అవి పాస్టరుగారి చేత తిరిగి వచ్చాయి. ఆమె కోప్పడలేదట. “తన రోజు తేనీ, అందాకా ఉంటాను,” అని మాత్రం చెప్పి పంపిందట.

“ఆమె నాకంటే పెద్దది,” అన్నాడు ఓపా. “ఉంటానంది. ఎంతకాలమని ఉంటుంది?”

ఆ మెట్టు మీద కూర్చుని ఆయన్ని చూశాను. నేను ఇండియాకి ఫోన్ చేయాల్సిన వాళ్ళ జాబితాని ఎలా మర్చిపోవాలో తెలిసిన మనిషిని. ఒక్క రోజుని ఇన్నేళ్ళు బుగ్గలో లవంగంలా పెట్టుకుని తిరిగే మనిషి పక్కన కూర్చోవడం నాకది మొదటిసారి.

ఆ తరవాత ఏడాదిన్నర నా శనివారాలు మా పెరటి బాపతు రోజులు తీర్చడానికే సరిపోయాయి. ఒకరింటికి రంగు వేశాను, రంగు ఇంటికంటే నాకే ఎక్కువ పట్టింది. ఒకరి పెళ్ళిలో మూడు వందల ప్లేట్లు కడిగాను. ఒకరికి ఇల్లు మారడానికి సాయం చేసి, సోఫాని మెట్ల మలుపులో ఎంత గట్టిగా ఇరికించానంటే తలుపు ఊడదీయాల్సి వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు. పనికిమాలినవాడి రోజు కూడా రోజే. నా పనితనాన్ని తూచినవాళ్ళు లేరు. నేను వచ్చానా లేదా అన్నదే చూశారు. వెళ్ళేటప్పుడు ఆ ఇంటి పెద్ద గుమ్మం దగ్గర నిలబడి “వచ్చావు” అనేవారు. వాళ్ళ ఊళ్ళో అదే రసీదు. ఏడాదికోసారి ఆఫీసులో రివ్యూ రాయించుకునేవాణ్ణి, ఆ ఒక్క మాట దాని ముందు ఎంత నిండుగా ఉండేదో!

అందరి రోజులూ అయ్యాయి. ఓపా రోజు మాత్రం ఆయన తీసుకోలేదు. ఎప్పుడడిగినా “ఉంచు,” అనేవాడు. వాళ్ళ గేరేజ్ సర్దుతానన్నాను. ఉంచు. ఆకులు ఊడుస్తానన్నాను. ఉంచు. నా పనితనం మీద ఆయనకున్న అభిప్రాయం అదేమోనని నొచ్చుకున్నాను కూడా.

2013 నాటికి ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, చేతికర్ర వచ్చింది. కేసు మాత్రం ఎక్కడిదక్కడే. ఆదివారాలు ఊరు కట్టడం మానలేదు. ఆఖరి పొట్లాన్ని నిలబెట్టడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చేవి. ఊళ్ళో ఆమెకి ఎనభై దాటాయని, చూపు మందగిస్తోందని కబురొచ్చింది. ఆ వారం ఆయన కాఫీ తాగలేదు.

వేసవి ముందు ఒక ఆదివారం ఇండోనేషియా వాళ్ళ గుంపులో ఒక కొత్తమ్మాయి కనిపించింది. ఎఫ్-వన్ వీసా మీద కాలేజీకి వచ్చింది. మన ఎమ్మెస్ పిల్లల్లాగే కళ్ళ కింద నలుపూ, వీపున బ్యాక్‌ప్యాకూ. ఓపా ఆమెని ఏ ఊరని అడిగాడు. ఎవరమ్మాయివని అడిగాడు. ఆ పిల్ల చెప్పగానే ఫ్లాస్క్‌కి ఆనించిన పొట్లం వైపు చూపించాడు. ఆ పిల్ల దాన్ని చూసి నవ్వింది. “అవును, మా అమ్మమ్మ ఇల్లు. ఇలా ఒంటరిగానే ఉంటుంది.” ఆయన ఊరు వదిలేనాటికి ఈ పిల్ల ఆ ఇంటి మెట్ల కింద కోడిపిల్లల్ని తరుముతూ ఉండేదట.

“నీకు నేల ఉందా?” అన్నాడు.

“నేలా? అద్దె ఇల్లు ఓపా. వెనక కాస్త గడ్డి ఉంది. ఇంటాయన కావాలంటే తోట పెట్టుకోమన్నాడు.”

ఆయన నా వైపు తిరిగాడు. “నా రోజు,” అన్నాడు. “శనివారం కావాలి.”

నాకప్పుడు తెలిసింది ఎందుకు ఉంచమన్నాడో. ఇవ్వాల్సిన మనిషి రాలేకపోతే, ఆ మనిషికి రోజు ఇవ్వాల్సిన ఇంకొకడు ఆయన బదులు వెళ్ళొచ్చట. పుచ్చుకునే ఇంటి పెద్ద ఒప్పుకుంటే చాలట. “మరి మీ అమ్మాయి?” అన్నాను. నాకంటే గట్టి చేతులు ఆవిడవి.

“ఆమె ఇల్లు వేరు. ఆమె వంతు ఆమెది. నువ్వు నాకివ్వాల్సిన రోజు నాది. నా దగ్గరున్నది అదొక్కటే.”

ఆయన దగ్గరున్న ఒక్కగానొక్కటీ నేను కావడం చూసి ఆయన కోసం భయపడ్డాను. ఆ వారమంతా మా పెరట్లో తవ్వడం ప్రాక్టీస్ చేశాను. మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది.

అమ్మమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. మనవరాలి నేల తన నేలే. కానీ తను చూడాలి. మా శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఆదివారం తెల్లవారుతుంది. సిగ్నల్ ఉండేది చర్చి మెట్ల దగ్గరే. ఆరాధనకి ముందు అక్కడ కూర్చుని స్కైప్‌లో చూస్తానంది.

శనివారం పొద్దున ఆ అద్దె ఇంటి వెనక ఓపా బకెట్ వాయించాడు. వరసలో నేనొక్కణ్ణే. రావాల్సింది ఒక్క మనిషి రోజు, కాబట్టి ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. కూతురు సాయం వస్తానని కదిలితే ఆయన కర్ర అడ్డం పెట్టాడు. గడ్డి చాపలా చుట్టుకుని లేస్తుందనుకున్నాను, లేవలేదు. కింద బంకమన్ను, రాళ్ళు. పది గంటలకి నా అరచేతులు బొబ్బలెక్కాయి. పన్నెండింటికి నడుము నాది కాదు. ఓపా బోర్లించిన బకెట్ మీద కూర్చుని చూస్తున్నాడు. నేను ఆగితే పుల్లతో బకెట్ మీద ఒక చిన్న దెబ్బ. మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. మూడింటికి నాలుగు సాళ్ళు తయారయ్యాయి. సాళ్ళని నేను అన్నాను. వంకరగా పోయిన వాటికి వేరే మాట ఉండే ఉంటుంది.

లాప్‌టాప్ మోగింది. తెర మీద ముందు ఒక మనిషి నుదురు, తరవాత ఆకాశం, తరవాత ఒక ముసలామె. తెల్లటి జుట్టు బిగించి ముడి వేసుకుని, ఆదివారపు బట్టల్లో, మెట్టు మీద కూర్చుని ఉంది. ఫోన్ పట్టుకున్నది పాస్టరుగారు. గులాబీ పొట్లం ఈయనేనన్నమాట అని నేను పళ్ళు బిగించి నవ్వాపుకున్నాను. ఆమె వెనక మబ్బు, మబ్బులోంచి కర్రల కాళ్ళ ఇళ్ళు రెండు. నాకవి తెలుసు. మొదటి దాని మెట్టు కిర్రుమంటుంది.

ముసలామె కళ్ళు చికిలించి తెరలోకి వంగింది. మనవరాలు నా చెవిలో ఒక్కొక్క మాటా చెబుతోంది.

“ఎవరది, పారని గరిటలా పట్టుకున్నాడు?”

“నా రోజు,” అన్నాడు ఓపా.

“నీ రోజు చాలా నెమ్మదిగా నడుస్తోంది.”

“పెద్ద రోజు కావాలని ఏరుకున్నాను.”

ఆమె నవ్వలేదు. “సాళ్ళు వంకర.”

“నీ కొండ కంటే తిన్నగానే ఉన్నాయి.”

అప్పుడు నవ్వింది, పళ్ళు లేని నవ్వు. వెంటనే ఆపేసింది. “విత్తనం ఎవరు వేస్తారు?”

ఓపా కర్ర పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి మొక్కజొన్న గింజల పొట్లం తీశాడు. మోకాలు వంగదు. నేను చేయి పట్టుకోబోతే తోసేశాడు. బకెట్‌ని సాలు పక్కకి జరపమన్నాడు. దాని మీద కూర్చుని, వంగి, గుంటకి మూడు గింజలు వేసి, బొటనవేలితో మన్ను నొక్కాడు. ఒక గుంట కాగానే లేచేవాడు, నేను బకెట్ జరిపేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాడు. నాలుగు సాళ్ళూ అలాగే వేశాడు. గంట పైనే పట్టింది. అక్కడ చర్చికి మనుషులు వస్తున్నారు. వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళకుండా ముసలామె వెనక నిలబడ్డారు. కాసేపటికి మెట్లు కనిపించలేదు, అన్నీ మొహాలే. పంచదార పొట్లాలకి ఒక్కసారిగా కళ్ళూ ముక్కులూ వచ్చినట్టుంది.

ఆఖరి గింజ మీద మన్ను నొక్కి ఓపా తల పైకెత్తాడు. టోపీ తీశాడు.

ముసలామె కదలకుండా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తెర కొయ్యబారిందేమోనని మనవరాలు లాప్‌టాప్ తట్టింది.

“వచ్చావు,” అంది ముసలామె.

తరవాత గంట మోగింది. ఆరాధన తరవాత లవంగాలు ఎండబెట్టాలి, ఆకాశం చూస్తే వాన పడేలా ఉంది, ఇంత మంది ఇక్కడ నిలబడితే పాస్టరు ఎవరికి చెబుతాడు ప్రసంగం అని అందరినీ కేకలేస్తూ లేచింది. ఫోన్ అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. ఓపా బకెట్ మీద అలాగే కూర్చుని ఉన్నాడు. కూతురు వచ్చి ఆయన చేతులకి అంటిన మన్ను తుడవబోతే వద్దన్నాడు. నేను ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ చేతుల్తోనే గుమ్మం దగ్గర నిలబడి నాతో అన్నాడు. “వచ్చావు.”

మర్నాడు రెండుంబావుకి ఎప్పటిలాగే కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళాను. చేతులకి బ్యాండేజీలు, నడుముకి బెల్టు. ఊరు అప్పటికే కట్టేసి ఉంది. కొండ, రోడ్డు, చర్చి, గులాబీ పొట్లం, అన్నీ ఎక్కడివక్కడ. ఆఖరి పొట్లం మాత్రం ఫ్లాస్క్ పక్కన పడి ఉంది. జారిపోయిందనుకుని, అలవాటు కొద్దీ నిలబెట్టబోయాను.

ఓపా నా చేతి మీద చిన్నగా కొట్టాడు.

“పడుకోనీ. అక్కడింకా తెల్లవారలేదు.”